రేంజ్‌ఫైండర్ లెన్స్‌లు: ఏది బొమ్మ ఎలా కడుతుంది, ఏది ఎవరికి కుదురుతుంది

రేంజ్‌ఫైండర్ కెమెరాలో లెన్స్ గుండా కాక, పక్కనున్న చిన్న కిటికీ (వ్యూఫైండర్) గుండా చూసి ఫోకస్ పెడతాం. దానికి ఎఫ్/0.95 లెన్స్ తగిలించినా, ఎఫ్/3.5 లెన్స్ తగిలించినా వ్యూఫైండర్‌లో కనిపించే దృశ్యం ఒక్కటే. ముందున్న మనిషి, వెనకున్న చెట్టు, దాని వెనక గోడ అన్నీ పదునుగానే ఉంటాయి. ఎస్‌ఎల్‌ఆర్‌లోనో మిర్రర్‌లెస్‌లోనో లెన్స్ గుండానే చూస్తాం కాబట్టి వెనక దీపాలు ఎలా కరుగుతున్నాయో, మూలలు ఎంత చీకటవుతున్నాయో బటన్ నొక్కకముందే తెలిసిపోతుంది. రేంజ్‌ఫైండర్ లెన్స్ స్వభావం మాత్రం ఫొటో చేతికొచ్చాకే బయటపడుతుంది. అందుకే ఈ కెమెరాలతో పనిచేసేవాళ్లకు తమ లెన్స్ కంఠతా రావాలి.

ఆ స్వభావానికే రెండరింగ్ అని పేరు. అచ్చంగా చెప్పుకోవాలంటే లెన్స్ బొమ్మ కట్టే తీరు. దీని చుట్టూ మాయమాటలు చాలానే అల్లుకున్నాయి. మాయ ఏమీ లేదు. డిజైనర్ పూర్తిగా సరిదిద్దకుండా వదిలిన లోపాలు ఏవి, అవి ఏ ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) దగ్గర మాయమవుతాయి, ఏ దూరంలో పైకి తేలుతాయి అన్నదే ఒక లెన్స్‌కీ మరో లెన్స్‌కీ ఉన్న తేడా.

కాబట్టి బ్రాండు పేరు కన్నా ముందు తేల్చుకోవాల్సింది మీరు ఎక్కువగా ఏ ఎపర్చర్‌లో, ఎంత దూరంలో ఫొటోలు తీస్తారన్నది. ఎఫ్/5.6కి మూసి, మూడు మీటర్లకు అవతలి వీధి దృశ్యాలు తీసేవాళ్లకు మంచి స్థితిలో ఉన్న 50 ఎంఎం లెన్స్‌లన్నీ అన్నదమ్ముల్లాంటివే. కోటింగ్ (గాజు వెలుగును వెనక్కి మళ్లించకుండా వేసే పూత) వల్ల కాంట్రాస్ట్‌లో, మూలల పదునులో కొద్దిపాటి తేడా ఉంటుంది, అంతే. వాళ్లు ఇక్కడితో ఆపి చిన్నది, తేలికైనది, ఫోకస్ పిడి సాఫీగా తిరిగేది కొనుక్కోవచ్చు. కింద చెప్పేదంతా ఎఫ్/1.4 నుంచి ఎఫ్/2.8 మధ్య, ముప్పావు మీటరు నుంచి మూడు మీటర్ల లోపు పనిచేసేవాళ్ల కోసం.

తేడా ఎక్కడి నుంచి వస్తుంది

అన్నిటికన్నా పెద్ద పాత్ర స్ఫెరికల్ అబెరేషన్‌ది. లెన్స్ అంచుల గుండా వచ్చే కిరణాలూ, నడుమ నుంచి వచ్చేవీ ఒకే చోట కలవకపోవడమే ఈ లోపం. అంచు కిరణాలు లెన్స్‌కు కాస్త దగ్గరగా కలిసే లెన్స్‌ని అండర్‌కరెక్టెడ్ అంటారు. ఇలాంటి దాంట్లో ఫోకస్ తలానికి (పదునుగా పడే దూరానికి) వెనకున్న దీపం నడుమ వెలుగుగా, అంచుల్లో పలచగా కరిగిపోయిన చుక్కలా పడుతుంది. అలాంటి చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి వెనక దృశ్యం మెత్తగా ఉంటుంది. దానికి మూల్యం ఫోకస్ తలానికి ముందు చెల్లించాలి. అక్కడ అవే చుక్కలకు గట్టి అంచులు వస్తాయి, ముందున్న ఆకులు గజిబిజిగా కనిపిస్తాయి. ఓవర్‌కరెక్టెడ్ లెన్స్‌లో ఇది తిరగబడుతుంది. వెనక దీపాలు సబ్బు బుడగల్లా మెరిసే అంచులతో వస్తాయి, కొమ్మలు రెండేసి గీతలుగా చీలతాయి. రెండు వైపులా వెన్నలా మెత్తగా ఉండే లెన్స్ కావాలని అడిగేవాళ్లకు ఈ లెక్క అడ్డొస్తుంది. బాగా సరిదిద్దిన లెన్స్ రెండు వైపులా సమానంగా, నడిరకంగా ఉంటుంది.

రెండోది ఫీల్డ్ కర్వేచర్, అంటే ఫోకస్ తలం చదునుగా కాక గిన్నెలా వంగి ఉండటం. చదును గోడల్ని ఫొటో తీసి పరీక్షించేవాళ్లు దీన్ని లోపంగానే చూస్తారు. రేంజ్‌ఫైండర్‌లో ఇది కొన్నిసార్లు మేలు చేస్తుంది. ఫోకస్ ప్యాచ్ (రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చూసుకునే చిన్న చతురస్రం) ఫ్రేమ్ మధ్యలోనే ఉంటుంది కాబట్టి మనిషి కంటికి ఫోకస్ పెట్టి, కెమెరాను తిప్పి ఫ్రేమ్ సర్దుకోవాలి. 50 ఎంఎం లెన్స్‌తో ఒక మీటరు దూరంలో 13 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం కంటికి దాదాపు 2.5 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. అదే దూరంలో ఎఫ్/1.5 దగ్గర పదునుగా వచ్చే లోతు, ఫిల్మ్‌కు వాడే 0.03 మిల్లీమీటర్ల కొలతతో లెక్కేసినా, మొత్తం కలిపి 3.5 సెంటీమీటర్లకు మించదు. అంచుల్లో ఫోకస్ తలం కెమెరా వైపు వంగిన లెన్స్ ఈ తప్పును కొంత సర్దేస్తుంది. చదునైన తలం ఉన్న ఆధునిక లెన్స్ సర్దదు.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. కోమా వల్ల మూలల్లో దీపాలకు రెక్కలు మొలుస్తాయి, రాత్రి ఫొటోల్లోనే ఇది బాధిస్తుంది. మెకానికల్ విగ్నెటింగ్ వల్ల మూలల్లోని గుండ్రటి దీపాలు పిల్లి కళ్లలా కోసుకుపోతాయి, వెనక ఆకులు సుడి తిరిగినట్టు ఉంటాయి. మూసలో పోసి చేసిన ఎస్ఫెరికల్ (గోళం వంపు లేని) గాజుల వల్ల కొన్ని లెన్స్‌ల్లో బోకె చుక్కల (ఫోకస్ తప్పి కరిగిన వెలుగు చుక్కల) లోపల ఉల్లిపాయ పొరల్లాంటి వలయాలు వస్తాయి. కోటింగ్ గురించి తర్వాత.

50 ఎంఎం: సోనార్ దారి, ప్లానార్ దారి

50ల్లో అసలు ఎంపిక బ్రాండ్ల మధ్య ఉండదు, రెండు డిజైన్ల మధ్య ఉంటుంది. ఒకటి సోనార్, రెండోది ప్లానార్ వంశానికి చెందిన డబుల్ గాస్.

1930ల మొదట్లో లుడ్విగ్ బెర్టెలె జైస్ వారి కాంటాక్స్ కెమెరా కోసం 50 ఎంఎం ఎఫ్/1.5 సోనార్ రూపొందించాడు. అప్పటికి గాజులకు కోటింగ్ వేయడం వాడుకలోకి రాలేదు. గాలీ గాజూ కలిసే ప్రతి తలం దగ్గరా దాదాపు 4 శాతం వెలుగు వెనక్కి మళ్లుతుంది, అది లోపలే అటూ ఇటూ కొట్టుకుని నీడల్ని తెల్లబరుస్తుంది. బెర్టెలె ఏడు గాజుల్ని మూడు గ్రూపులుగా అతికించి, గాలి తగిలే తలాల్ని ఆరుకు తగ్గించాడు. కోటింగ్ లేకపోయినా కాంట్రాస్ట్ నిలబడింది. ఆ మేరకు కొన్ని అబెరేషన్‌లు మిగిలాయి, ఆ మిగులే ఈనాడు జనం వెతుక్కునే సోనార్ రూపం. ఎఫ్/1.5 దగ్గర ముఖం మధ్యలో కావలసినంత వివరం ఉంటుంది, దాని మీద సన్నటి మెరుపు పొర ఉంటుంది. వెనక దృశ్యం గీతలుగా చీలకుండా ముద్దగా కరుగుతుంది. నలుపు తెలుపు పోర్ట్రెయిట్‌కు దీన్ని మించింది అరుదు.

ఈ వంశంలో కొత్తవాటిలో ఒకటి జైస్ సి సోనార్ 50 ఎంఎం ఎఫ్/1.5. పాతవాటిలో నికాన్ రేంజ్‌ఫైండర్ల 5 సెం.మీ. నిక్కోర్‌లు, కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.5, సోవియట్ జూపిటర్-3, జూపిటర్-8 ఉన్నాయి. జూపిటర్-8 ఎఫ్/2 కావడం వల్ల లోపాలు తక్కువ. సోనార్ రుచి ఎలా ఉంటుందో చవగ్గా చూడాలనుకునేవాళ్లకు అదే సరైన మొదలు.

ఈ కుటుంబంతో వచ్చే తలనొప్పి ఫోకస్ షిఫ్ట్. అండర్‌కరెక్టెడ్ లెన్స్‌ని మూస్తున్నకొద్దీ అంచు కిరణాలు ఆగిపోయి, ఫోకస్ తలం వెనక్కి జరుగుతుంది. మిర్రర్‌లెస్‌లో మూసిన ఎపర్చర్‌లోనే ఫోకస్ పెట్టి తప్పించుకోవచ్చు. రేంజ్‌ఫైండర్ లెన్స్ గుండా చూడదు, లెన్స్ వెనకున్న క్యామ్ (ఫోకస్ తిప్పితే ముందుకూ వెనక్కూ కదిలే లోహపు అంచు) ఎంత కదిలిందో మాత్రమే చూస్తుంది. క్యామ్‌కు ఎపర్చర్ సంగతి తెలియదు. కనుక ఏదో ఒక ఎపర్చర్‌కే లెన్స్‌ని సరిగ్గా కూర్చోబెట్టగలరు. సి సోనార్ తొలి విడతలు ఎఫ్/2.8కి సర్ది వచ్చాయి. అలాంటి కాపీతో (ఆ రకం లెన్స్‌ల్లో ఒకదానితో) ఎఫ్/1.5లో మీటరు దూరంలోని కంటికి ఫోకస్ పెడితే ముక్కు పదునెక్కుతుంది. ఎఫ్/1.5కి సర్దిన కాపీతో ఎఫ్/2.8లో తీస్తే చెవి పదునెక్కుతుంది. వాడినది కొనేటప్పుడు అమ్మేవాళ్లను ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

దీనితో సర్దుకుపోయే పద్ధతి ఉంది. ఎఫ్/2.8కి సర్దిన కాపీని పూర్తిగా తెరిచి వాడుతుంటే ఫోకస్ పెట్టాక రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు వంగి నొక్కాలి. ఎఫ్/1.5కి సర్దినదైతే తెరిచి వాడేటప్పుడు ఏమీ చేయనక్కర్లేదు, ఎఫ్/2.8, ఎఫ్/4ల్ని దగ్గరి ముఖాలకు వాడకుండా నేరుగా ఎఫ్/5.6కి వెళ్తే లోతే తప్పును కప్పేస్తుంది. రెండోదే మేలు. సోనార్‌ని కొనేది తెరిచి వాడటానికే. ఇంకో సంగతి, సి సోనార్ 0.9 మీటర్ల కన్నా దగ్గరకు రాదు.

జూపిటర్‌లకు మరో చిక్కు అదనం. లైకా క్యామ్ 51.6 ఎంఎం అసలు ఫోకల్ లెంగ్త్‌ను ప్రమాణంగా పెట్టుకుంటే, ఇవి కాంటాక్స్ ప్రమాణమైన 52.4తో తయారయ్యాయి. అనంత దూరంలో రెండూ కలుస్తాయి. మీటరు దూరానికి వచ్చేసరికి 52.4 లెన్స్ దాదాపు 0.09 మిల్లీమీటరు ఎక్కువ ముందుకు రావాలి, కానీ రాదు. ఫలితంగా ఫోకస్ మూడు సెంటీమీటర్లు వెనక పడుతుంది. ఎఫ్/2 దగ్గర మీటరు దూరంలో దొరికే లోతు మొత్తం నాలుగున్నర సెంటీమీటర్లే, అందులో కంటికి వెనకవైపు వచ్చేది సగం. లైకాపై వాడేవాళ్లు లెన్స్ బ్లాకు కింద సుమారు 0.1 మిల్లీమీటరు మందం షిమ్ (పలచని లోహపు ఉంగరం) అదనంగా వేయిస్తారు. దగ్గర సరిపోతుంది, అనంత దూరం తెరిచిన ఎపర్చర్‌లో స్వల్పంగా తప్పుతుంది, మూస్తే ఆ తప్పు కనబడదు. మరమ్మతు చేతులు ఎన్నో మారిన లెన్స్‌లివి. ఒక కాపీ చూసి ఇంకో కాపీ గురించి తీర్పు చెప్పలేం.

ఇక డబుల్ గాస్ దారి. ఎపర్చర్‌కు అటూ ఇటూ దాదాపు అద్దంలో ప్రతిబింబంలా గాజులు అమరి ఉంటాయి. ఆరు గాజులు నాలుగు గ్రూపులుగా ఉండటం మామూలు. లైకా సమ్మిక్రాన్ 50 ఎంఎం 1979 రూపం, వాల్టర్ మాండ్లర్ డిజైన్, ఇదే అమరిక. 1994లో హుడ్ లోపలే ఇమిడిన బయటి ఒళ్లు వచ్చినా గాజులు మారలేదు. జైస్ ప్లానార్ 50 ఎంఎం ఎఫ్/2 కూడా ఆరు గాజులు, నాలుగు గ్రూపులే. రెండూ 0.7 మీటర్ల దాకా దగ్గరకొస్తాయి, రెండింటిలోనూ ఫోకస్ షిఫ్ట్ వాడుకలో బాధించేంత ఉండదు.

ఈ రెండింటిని పక్కపక్కన పెడితే తేడా రెండు చోట్ల తేలుతుంది. మొదటిది ఎదురు వెలుగు. సూర్యుడు ఫ్రేమ్‌కు కాస్త బయట, పైన ఉన్నప్పుడు సమ్మిక్రాన్‌లో అప్పుడప్పుడు తెల్లటి పొర కమ్ముకుంటుంది. ప్లానార్ అదే వెలుగులో నల్లటి నీడల్ని నిలబెడుతుంది. రెండోది వెనక దృశ్యం. రెండు నుంచి నాలుగు మీటర్ల దూరంలోని ముఖం వెనక కొమ్మలూ రెమ్మలూ ఉంటే ప్లానార్ కాస్త గరుకుగా ఉంటుంది, సమ్మిక్రాన్ కొంచెం ఓర్పు చూపిస్తుంది. మిగతా అంతా ఫొటో చూసి ఏది ఏదో చెప్పలేనంత దగ్గర. ధరలో ఉన్న తేడాకు బొమ్మలో ఉన్న తేడా ఏ మాత్రం సరితూగదు. ఎదురు వెలుగు ఎక్కువగా తీసేవాళ్లు ప్లానార్ తీసుకోవడమే తెలివైన పని.

1956 నాటి రిజిడ్ సమ్మిక్రాన్ వేరే జాతి. ఏడు గాజులు, ఆరు గ్రూపులు, అంటే గాలి తగిలే తలాలు ఎక్కువ. వివరం బాగా పట్టుకుంటుంది, కాంట్రాస్ట్ తక్కువ. నలుపు తెలుపు ఫిల్మ్ మీద నీడల నుంచి వెలుగుల దాకా బూడిద రంగు మెట్లు పొడవుగా పరుచుకుంటాయి. ముందు గాజు కోటింగ్ మెత్తన, సరిగా తుడవకపోతే సన్నటి గీతలు పడతాయి. అరవై డెబ్భై ఏళ్ల లెన్స్‌లో అలాంటి గీతలు లేకపోతే సంతోషించాలి, ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కెనాన్ స్క్రూ మౌంట్ (మరలా తిప్పి బిగించే) 50 ఎంఎం ఎఫ్/1.8, ఎఫ్/1.4 కూడా డబుల్ గాస్‌లే. రెండూ పెట్టిన డబ్బుకు మించి బొమ్మ కడతాయి. ఎఫ్/1.8ని పీడించేది ఎపర్చర్ వెనక గాజుపై పట్టే పొగలాంటి మసక. కొన్నిసార్లు అది గాజునే తినేసి ఉంటుంది, అప్పుడు తుడిచినా పోదు.

ఇక పూర్తిగా సరిదిద్దిన ఆధునికులు. 2004 నాటి సమ్మిలక్స్ 50 ఎస్ఫెరికల్‌లో దగ్గరి దూరాల్లోనూ పదును చెడకుండా విడిగా కదిలే గాజుల అమరిక ఉంది. 2012లో వచ్చిన ఎపో (రంగుల లోపాన్ని బాగా సరిదిద్దిన) సమ్మిక్రాన్, ఫోగ్ట్‌లాండర్ ఎపో లాంథర్ 50 ఎంఎం ఎఫ్/2 ఇంకో మెట్టు పైన. వీటి ప్రత్యేకత ఏమిటంటే ఎఫ్/2లో ఎలా ఉంటాయో ఎఫ్/5.6లోనూ అలాగే ఉంటాయి. ఎపర్చర్ తిప్పితే మారేది లోతే, స్వభావం మారదు. ఫోకస్ తలానికి ముందూ వెనకా మెరుపు అంచుల చుట్టూ పట్టే ఊదా, ఆకుపచ్చ రంగులు దాదాపు ఉండవు. ఎపో లాంథర్‌కు 12 రేకుల ఎపర్చర్ ఉంది, అది ఎఫ్/2తో పాటు ఎఫ్/2.8, ఎఫ్/5.6, ఎఫ్/16 దగ్గర గుండ్రంగా నిలుస్తుంది, మధ్య మెట్లలో మాత్రం దీపాలకు రంపపు పళ్ల అంచు వస్తుంది. వెనక దీపాలు గుండ్రంగా కావాలనుకుంటే ఆ మెట్ల దగ్గరే ఆగాలి. ముఖాలపై ఈ లెన్స్‌లు దయ చూపవు. చర్మం మీది ప్రతి రంధ్రం లెక్కకు వస్తుంది.

ఎఫ్/1.1 నుంచి ఎఫ్/0.95 దాకా ఉన్నవాటి గురించి రెండు మాటలు చాలు. ఎఫ్/0.95 దగ్గర మీటరు దూరంలో లోతు మొత్తం రెండు సెంటీమీటర్లకు కాస్త పైన. నాక్టిలక్స్ ఎఫ్/0.95 బరువు 700 గ్రాములు, ఫిల్టర్ కొలత 60 ఎంఎం, ఫ్రేమ్ కింది మూలను లెన్సే మూసేస్తుంది. చవకలో సెవెన్ ఆర్టిజాన్స్ 50 ఎంఎం ఎఫ్/1.1 ఉంది, దీన్ని మీ కెమెరాకు తగ్గట్టు మీరే సర్దుకునే వీలిచ్చారు. సర్దుకోకుండా వాడితే లెన్స్‌ని తిట్టుకోవడమే మిగులుతుంది. చీకట్లో తీయడానికే కొంటున్నట్టయితే, డిజిటల్‌లో ఐఎస్ఓ పెంచి ఎఫ్/2 వాడటం సుఖం. ఆ రూపం కోసమే కొంటున్నట్టయితే ఈ సలహా అనవసరం.

35 ఎంఎం: చిన్నదనానికి కట్టే సుంకం

35ల్లో వెనక దృశ్యం అంత కరగదు. ఎంపికను తేల్చేది మూలలు, వంపు గీతలు, ఎదురు వెలుగు, అన్నిటికన్నా మించి లెన్స్ సైజు.

1961లో వచ్చిన తొలి రకం సమ్మిలక్స్ 35 ఎంఎం ఎఫ్/1.4 ఒంట్లో ఇద్దరున్నారు. ఎఫ్/1.4లో మెరుపుల చుట్టూ పాలపొర, మూలల్లో రెక్కలు తొడిగిన దీపాలు. ఎఫ్/2.8కి మూస్తే ఆ మనిషి వెళ్లిపోయి ఇంకొకడు వస్తాడు. ఫోగ్ట్‌లాండర్ నాక్టన్ క్లాసిక్ 35 ఎంఎం ఎఫ్/1.4 అదే రుచిని చాలా తక్కువ ధరకు ఇస్తుంది. 2008 తొలి రూపంలో ఫోకస్ షిఫ్ట్ ఉంది, గోడ అంచులూ తలుపు చట్రాలూ బయటికి ఉబ్బినట్టు కనిపిస్తాయి. భవనాలు తీసేవాళ్లకు ఇది పనికిరాదు. ఈ లెన్స్ సింగిల్ కోటింగ్, మల్టీ కోటింగ్ అని రెండు రకాలుగా దొరుకుతుంది. మబ్బు పట్టిన రోజు రెండింటికీ తేడా చెప్పడం కష్టం. కిటికీకి ఎదురుగా తీస్తే సింగిల్ కోటింగ్ నీడల్ని కాస్త లేపుతుంది. కాంట్రాస్ట్ ఎక్కువున్న నలుపు తెలుపు ఫిల్మ్‌కు అది వరం. కలర్‌కైనా, డిజిటల్‌కైనా మల్టీ కోటింగే తీసుకోండి.

ఎఫ్/2లో, 1979 నాటి ఏడు గాజుల సమ్మిక్రాన్‌కు ‘బోకె కింగ్’ అన్న బిరుదు అంటుకుంది. వెనక దృశ్యం నిజంగానే మెత్తన, కానీ ఆ బిరుదు ధరను పెంచినంతగా బొమ్మను పెంచలేదు. 1997 ఎస్ఫెరికల్ సమ్మిక్రాన్‌లో ఎఫ్/2లోనే మూలలు పదును, కాంట్రాస్ట్ ఘాటు, వెనక ఆకులు కొంచెం కరుకు. జైస్ బయోగాన్ 35 ఎంఎం ఎఫ్/2లో నిలువు గీతలు నిలువుగానే నిలుస్తాయి, ఎదురు వెలుగును బాగా ఓర్చుకుంటుంది. ఒళ్లు మాత్రం పొడవు. ఎఫ్/2.8 చాలనుకుంటే సి బయోగాన్ అన్నిటిలోనూ చక్కని సమతూకం. జైస్ డిస్టగాన్ ఎఫ్/1.4 అంచు నుంచి అంచు దాకా సరిదిద్దిన లెన్స్, కానీ వ్యూఫైండర్‌లో మీ ఫ్రేమ్‌లోకి తొంగిచూస్తూనే ఉంటుంది. రేంజ్‌ఫైండర్ మోసేదే చిన్నదని, దాని మీద ఇంత లెన్స్ పెట్టడం దేనికో ముందు తేల్చుకోవాలి.

సోవియట్ జూపిటర్-12 యుద్ధానికి ముందటి బయోగాన్‌కు బంధువు. మధ్యలో పదును ఆశ్చర్యపరుస్తుంది. వెనక గాజు బోడిగుండులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, కెమెరాకు తగిలించేముందు లోపల ఏమీ తాకదని నిర్ధారించుకోవాలి. ఎపర్చర్ రింగు ముందు భాగం లోపలికి ఉంటుంది కాబట్టి ఫిల్టర్ పెడితే దాన్ని తిప్పడం చిరాకు.

40 ఎంఎంని మరచిపోకూడదు. 1973లో లైకా సీఎల్‌తో వచ్చిన సమ్మిక్రాన్-సి, దాని జంట మినోల్టా ఎం-రోకోర్ 40 ఎంఎం ఎఫ్/2 చిన్నవి, పదునైనవి, వాటి పేరుకున్న విలువ కన్నా మంచివి. లైకా ఎం కెమెరా వ్యూఫైండర్‌లో ఇవి 50 ఎంఎం ఫ్రేమ్ గీతల్ని లేపుతాయి కాబట్టి ఆ గీతలకు కాస్త బయట ఉన్నదీ ఫొటోలో పడుతుందని గుర్తుంచుకోవాలి.

21, 28: ఫిల్మ్‌కు ఒకటి, సెన్సర్‌కు ఒకటి

వెడల్పు లెన్స్‌ల్లో ఎంపిక కెమెరాను బట్టే ఉంటుంది. సమరూప డిజైన్లలో వెనక గాజు ఫిల్మ్‌కు దాదాపు ఆనుకుని ఉంటుంది, సరళరేఖలు వంగవు. ఫిల్మ్‌కు ఇంతకన్నా కావలసింది లేదు. డిజిటల్ సెన్సర్‌పై మూలలకు కిరణాలు బాగా ఏటవాలుగా పడి, అంచుల్లో రంగు పట్టేస్తుంది, పదును పోతుంది. సి బయోగాన్ 21 ఎంఎం ఎఫ్/4.5 ఇందుకు పెద్ద ఉదాహరణ. దీన్ని నలుపు తెలుపులోకి మార్చేసేవాళ్లకు రంగు బాధ లేదు, మూలల మసక బాధ ఉంటుంది. సెన్సర్ ముందు గాజు మందం కూడా లెక్కలోకి వస్తుంది. లైకా ఎం డిజిటల్స్‌లో అది పలచన, మామూలు మిర్రర్‌లెస్‌లో దానికి రెట్టింపు పైనే. అందుకే అడాప్టర్‌తో మిర్రర్‌లెస్‌పై పెట్టి తీసిన నమూనా ఫొటోలు చూసి, ఎం కెమెరా కోసం వెడల్పు లెన్స్‌పై తీర్పు ఇవ్వకూడదు. 50 నుంచి పైవాటికి ఈ తేడా చాలా తక్కువ.

75, 90ల్లో రెండరింగ్ కన్నా ముందు రేంజ్‌ఫైండర్ సత్తా చూసుకోవాలి. దృశ్యాన్ని 0.72 రెట్లుగా చూపే వ్యూఫైండర్ ఉన్న లైకా ఎంలో పనికొచ్చే బేస్ పొడవు (రేంజ్‌ఫైండర్ రెండు కిటికీల మధ్య దూరాన్ని ఆ రెట్లతో గుణిస్తే వచ్చేది, ఎక్కువైతే ఫోకస్ కచ్చితం) 49.9 మిల్లీమీటర్లు, లైకా సీఎల్‌లో 18.9 మాత్రమే. సీఎల్‌పై 90 ఎంఎం ఎఫ్/2 తెరిచి వాడటమంటే చీకట్లో రాయి విసరడమే.

మెరుపు పొరా, మసకా?

పాత లెన్స్ అమ్మకాల్లో ‘గ్లో’, ‘స్వప్నలోకపు రూపం’ అని రాసి ఉన్న నమూనాల్లో చాలావరకు లోపలి గాజుపై పట్టిన మసకే. రెండింటినీ విడదీయడం తేలిక. స్ఫెరికల్ అబెరేషన్ వల్ల వచ్చే మెరుపు తెరిచిన ఎపర్చర్‌లోనే, వెలుగు చుట్టూ మాత్రమే ఉంటుంది. ఎఫ్/4కి వచ్చేసరికి పోతుంది. మసక వల్ల వచ్చే తెల్లదనం ఎఫ్/8లోనూ ఫ్రేమంతా ఉంటుంది, నీడలు ఎక్కడా నల్లబడవు. లెన్స్ చేతిలో ఉంటే ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఒకవైపు నుంచి చిన్న టార్చి కొట్టి, ఏటవాలుగా రెండో వైపు నుంచి చూడండి. దుమ్ము చుక్కలు ఫర్వాలేదు. పాలు కలిపినట్టు పొర కనిపిస్తే మసక. సాలెగూడులా కాళ్లు చాచి ఉంటే బూజు. అతికించిన గాజుల అంచున ఇంద్రధనుస్సు రంగులు మెరిస్తే అతుకు విడుతోందని అర్థం. మసకకు శుభ్రం చేయించవచ్చు, మిగతా రెండింటికీ బేరం మానుకోవడమే మందు.

పక్కపక్కన పెట్టి చూడటం ఎలా

ముందు కెమెరాని నమ్మాలి. ఫోకస్ షిఫ్ట్ లేని ఎఫ్/2 డబుల్ గాస్ లెన్స్‌తో దూరపు స్తంభంపై అనంతం కలుస్తోందా, మీటరు దగ్గర గుర్తు పెట్టిన గీత పదునుగా వస్తోందా చూడండి. ఇది తప్పితే మిగతా పరీక్షంతా వృథా.

తర్వాత స్కేలును 45 డిగ్రీల వాలులో పెట్టి, మీటరు దూరం నుంచి స్టాండు మీద, రేంజ్‌ఫైండర్ ప్యాచ్‌తోనే ఒక అంకెపై ఫోకస్ పెట్టి, ఆ రింగును కదపకుండా పూర్తి తెరుపు నుంచి ఎఫ్/5.6 దాకా ఒక్కో మెట్టు తీయండి. పదును ఏ అంకె నుంచి ఏ అంకెకు నడుస్తోందో చూస్తే ఫోకస్ షిఫ్ట్ మొత్తం బయటపడుతుంది. వాలు వల్ల స్కేలుపై కనిపించే దూరం అసలు దూరానికి 1.4 రెట్లు ఉంటుంది, భాగించుకోవడం మరవద్దు. లైవ్ వ్యూ ఉన్న కెమెరాలో చేస్తే ప్యాచ్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో ఒకసారి తీయాలి. మొదటిది లెన్స్, కెమెరా జంట తప్పును చెబుతుంది, రెండోది లెన్స్ తప్పును మాత్రమే.

బొమ్మ కట్టే తీరుకు గోడ పనికిరాదు. మనిషిని మీటరు, రెండు మీటర్లు, మూడు మీటర్ల దూరాల్లో, ఎండ జల్లెడ పట్టే ఆకుల ముందు నిలబెట్టండి. ముందు కూడా ఒక కొమ్మ ఫ్రేమ్‌లోకి రానివ్వండి, లెన్స్ ముందువైపు ప్రవర్తన అప్పుడే తెలుస్తుంది. అదే చోట సూర్యుణ్ని ఫ్రేమ్‌కు కాస్త బయట పెట్టి ఒకటి, రాత్రి వీధి దీపాలు మూలల్లో పడేలా ఒకటి. వైట్ బ్యాలెన్స్ ఒకే అంకెకు కట్టేయాలి, లేకపోతే కెమెరా రంగుల్ని సమం చేసి అసలు తేడాను తుడిచేస్తుంది. ఒకే ఎఫ్ నంబరు దగ్గర కూడా రెండు లెన్స్‌ల వెలుగు కాస్త తేడాగా ఉంటుంది, చూసేటప్పుడు నడి ప్రకాశాన్ని సమం చేసుకోండి. కాస్త వెలుగుగా ఉన్న ఫొటోనే కంటికి మెరుగ్గా అనిపిస్తుంది, చాలా పోలికలు తప్పేది ఇక్కడే. చివరికి వంద శాతం పెద్దది చేసి కాకుండా, మీరు అచ్చు వేయించే సైజులో, ఏది ఏ లెన్సో తెలియకుండా కలిపి చూడండి.

స్క్రూ మౌంట్ లెన్స్‌ని ఎం మౌంట్‌కు మార్చే అడాప్టర్ మందం కచ్చితంగా 1 మిల్లీమీటరు ఉండాలి, ఎందుకంటే మౌంట్ నుంచి ఫిల్మ్‌కు దూరం స్క్రూలో 28.8 మిల్లీమీటర్లు, ఎంలో 27.8. నాసిరకం అడాప్టర్‌లో నూరోవంతులు తప్పినా దగ్గరి ఫోకస్ చెడుతుంది, నింద లెన్స్‌పై పడుతుంది. అడాప్టర్ ఏ ఫ్రేమ్ గీతల్ని లేపుతుందో కూడా చూసుకోవాలి. 50, 75 ఒక జంట, 35, 135 ఒకటి, 28, 90 ఒకటి.

ఏది తీసుకోవాలి

ఒక్క లెన్సే ఉంటుంది, అన్నీ దానితోనే తీయాలి అనుకునేవాళ్లకు ప్లానార్ 50 ఎఫ్/2, లేదా బయోగాన్ 35 ఎఫ్/2. విసుగ్గా అనిపించేంత నమ్మకమైన లెన్స్‌లు. ఆ రెండింటితో ఆరు నెలలు గడిచాక ముఖాల్లో ఇంకేదో కావాలనిపిస్తే అప్పుడు సోనార్ వైపు వెళ్లండి, మొదటి లెన్స్‌గా మాత్రం వద్దు. ఫోకస్ ఎందుకు తప్పిందో తెలియని దశలో సోనార్ చేతికిస్తే తప్పు కెమెరాదో, లెన్స్‌దో, చేతిదో ఎప్పటికీ తేలదు.

పెద్ద అచ్చులు, ఎక్కువ మెగాపిక్సెల్ సెన్సర్, కలర్ అయితే ఎపో లాంథర్. దాదాపు అదే పనికి ఎపో సమ్మిక్రాన్ మరీ చిన్న ఒంట్లో వస్తుంది, ఆ చిన్నదనానికే డబ్బు కడుతున్నామని తెలిసి కొనాలి. నలుపు తెలుపు ఫిల్మ్, ఎండ బాగా కాసే చోట్లు, నీడల్లో వివరం ముఖ్యమనుకునేవాళ్లకు 1950ల సమ్మిక్రాన్ లాంటి పాత లెన్స్ ఆధునికుల కన్నా మేలు చేస్తుంది, శుభ్రమైన కాపీ దొరికితేనే. జేబు తేలిక, కుతూహలం ఎక్కువ ఉన్నవాళ్లకు జూపిటర్-8. దాన్ని కొన్న రోజే షిమ్ సర్దడానికి కూడా కొంత తీసి పక్కన పెట్టుకోండి, లెన్స్ ధరకు దాదాపు సమానంగా ఆ పనికీ అయ్యే అవకాశం ఉంది.